ఎవరి గాలి, ఎవరి చెరువు

ఏ ఇంటి గాలిలోంచి ఎంత నత్రజని రాలి చెరువును పాడుచేస్తోందో చూపే పటం ప్రతి ఫోనులోకీ వచ్చాక ఆ ఊళ్లో పలకరింపులు తగ్గిపోయాయి.

ఒక ఉదయం చేపలు చచ్చి తేలాయి. వాటినే నమ్ముకున్న పైడితల్లి నేరుగా ఆడపడుచు అచ్చియ్యమ్మ పశువులశాలకు వెళ్లింది. పటంలో చెరువు దాకా వచ్చిన ఎర్రగీత అక్కడినుంచే బయలుదేరింది.

“నీ గేదెల కంపే నా చేపల్ని సంపేసింది. వాటిని ఊళ్లోంచి తోలీ.”

“ఆ కరెంటు ప్లాంటు పొగగొట్టం నీకు కనిపించట్లేదేటి, వదినా?”

“ఆ పొగ ఎత్తుగా పోతాది. మన చెరువులో పడదు.”

“మరెక్కడ పడతాది?”

పైడితల్లి వేలితో పటాన్ని పక్కకు జరిపింది. కొండల అవతల, తన కూతురు కాపురమున్న ఊరి చెరువు మీద ఆ పొగంతా దిగుతోంది.

అచ్చియ్యమ్మ కూడా చూసింది. “ఇద్దరం కలిసి ప్లాంటు మీదకెల్దారి,” అంది.

“ముందు నా చెరువు సంగతి చూడు.”

పైడితల్లి ఫోను బొడ్లో దోపుకుని, తానే పలుపులు విప్పి గేదెలను వీధిలోకి తోలింది. అచ్చియ్యమ్మ అడ్డుపడలేదు. వదిన కాళ్ల దగ్గర ఉమ్మేసి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం కూతురు ఫోను చేసింది. మోగినంతసేపూ పైడితల్లి దాన్ని చూస్తూ కూర్చుంది కానీ ఎత్తలేదు.