ఏడడుగులకు తగిన వ్యాయామం

పెళ్లిలో ఏడడుగులు వేసింది తాము కాదనీ, కాళ్లను నడిపించే మోటారు తొడుగులేననీ తలచుకుంటే ప్రణవికి నవ్వొచ్చేది. ఇప్పుడు అందరి పెళ్లిళ్లూ అంతే. మొదటి పెళ్లిరోజుకి ఆ ఏడూ సొంత కాళ్లతో మళ్లీ వేయాలని ముచ్చటపడి, భర్త సుధన్వను జిమ్‌కి లాక్కొచ్చింది.

"ఇద్దరం గుంజీళ్లు తీద్దామండీ."

"అమ్మో! బళ్లో నా గుంజీళ్లు కూడా తొడుగులే తీసేవి. కూర్చుని తన్నే ఆ లెగ్ ప్రెస్సే నయం."

కోచ్ విమలమ్మ ఇద్దరి తొడుగులూ విప్పించింది. ప్రణవి కడ్డీ పట్టుకుని, వణుకుతూనే నిలబడి, పసిపిల్లలా కేరింతలు కొట్టింది. సుధన్వ బల్ల మీంచి లేవలేకపోయాడు. విమలమ్మ అతని పిక్కలు నొక్కి చూసింది.

"ఎప్పట్నుంచి బాబూ తొడుగులు?"

"పాకే వయసు నుంచండీ."

"అమ్మాయికి గుంజీళ్లు, లెగ్ ప్రెస్ రెండింట్లో ఏది చేసినా బలమొస్తుంది. నీకు ఏదీ పనిచేయదు నాయనా. పెరగడానికి కాస్తయినా కండ ఉండాలి కదా."

సుధన్వ నవ్వబోయి, భార్య వైపు తిరిగాడు. "నువ్వు నడువు ప్రణవీ. నేను చూస్తా."

ఆమె అతని సన్నని కాళ్లను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని కోచ్ వైపు తిరిగింది.

"ఈయన్ని ఎత్తుకుని ఏడడుగులు వేయాలంటే, రెండింట్లో ఏది మంచిదండీ?"