కప్పు మీద ఏరియల్

రెండు కాగానే అగ్నిపర్వతం బద్దలైంది. మేవిస్ బంగాళాదుంపల గిన్నె ఒళ్ళోంచి దించి, కుర్చీ గోడ దగ్గరకు లాక్కుంది. గాజుగ్లాసు గోడకు ఆనించి చెవి పెట్టింది.

గోడవతల ఆగ్నెస్ ఆంటీ ఇంట్లో టీవీ మోగిపోతోంది. బడిపిల్లల పాఠం. మాస్టారెవరో లావా గురించి చెబుతున్నాడు. ఆంటీకి బ్రహ్మచెముడు. వయసంతా మిల్లులో మగ్గాల హోరు మధ్య గడిపిన చెవులు మరి. సౌండు చివరికంటా తిప్పితే తప్ప ఆవిడకు వినబడదు. పైగా ఒంటరి మనిషి, అన్నీ పైకే మాట్లాడుకుంటుంది.

"అబ్బో, ఆ పొగేమిటి, మన మిల్లు గొట్టం నయం. ఈ మాస్టారు చూడు, బల్ల మీద బొమ్మకొండ పెట్టుకుని పుల్లతో పొడుస్తున్నాడు."

మేవిస్‌కు కావలసిందీ అదే. మాటలు టీవీ చెబుతుంది, బొమ్మలు ఆంటీ చెబుతుంది. ఇంగ్లండులోని ఈ లాంకషైర్ మిల్లు వీధుల్లో రెండిళ్ళకూ మధ్య ఉండేది ఒక్క గోడే, అదీ పల్చటిది.

చిక్కల్లా ఒకటే. మేవిస్ ఇంటి కప్పు మీద టీవీ ఏరియల్ ఉంది, ఇంట్లో టీవీ లేదు.

అబద్ధమాడాలని మొదలుపెట్టింది కాదు. రాణిగారి పట్టాభిషేకానికి ఆగ్నెస్ ఆంటీ టీవీ కొన్నప్పటి నుంచీ మేవిస్‌కు తనకూ ఒకటి ఉండాలని కోరిక. కిందటేడు ఆమె భర్త విల్ఫ్ ఏరియల్ చవగ్గా దొరికిందని తెచ్చి బిగించేశాడు. టీవీ వచ్చే నెలలో అన్నాడు. ఆ నెలలోనే మిల్లులో పని సగానికి పడిపోయింది. ఈలోగా వీధంతా కప్పుకేసి చూసేసింది. "మీకేమ్మా, పెద్దింటివాళ్ళు" అని ఎదురింటి నోరా మూతి తిప్పింది. ఆ మూతి చూశాక నిజం చెప్పడానికి మేవిస్‌కు నోరు రాలేదు.

ఒకసారి దొరికిపోబోయింది కూడా. కొట్టు దగ్గర వరసలో నోరా అడిగింది.

"నిన్న టీవీలో కార్యక్రమాలు ప్రకటించే అమ్మాయి గౌను చూశావా?"

"చూడకేం. తెల్లగౌను."

"తెల్లదా? ఇంతింత చారలుంటేనూ."

"మా సెట్టులో చారలు పడవులే" అంది మేవిస్.

వెనకే ఆగ్నెస్ ఆంటీ నిలబడి ఉంది గానీ, ఆవిడకు వినబడి ఏడిస్తే కదా. మేవిస్ అదృష్టం కొద్దీ ఆ వారం నుంచే ఆంటీకి చాదస్తం ముదిరింది. గౌన్లూ టోపీలూ కూడా పైకి వర్ణించుకోవడం మొదలెట్టింది.

అగ్నిపర్వతం చల్లారింది. ఆడవాళ్ళ కార్యక్రమం మొదలవుతుందనగా తలుపు చప్పుడైంది.

గుమ్మంలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. వీధి మొగలో టీవీ లైసెన్సులు తనిఖీ చేసే సర్కారు వ్యాను. మెట్లు తోముకుంటున్న ఆడవాళ్ళంతా చేతిలో బ్రష్షులతోనే ఇటు చూస్తున్నారు. నోరా అప్పుడే వీధి దాటేసింది.

"మీ కప్పు మీద ఏరియల్ ఉందమ్మా. మీ పేరున టీవీ లైసెన్సు లేదు. ఒకసారి సెట్టు చూడాలి."

 ఉందంటే జరిమానా, లేదంటే పరువు పోతుంది. ఆ క్షణాన మేవిస్‌కు జరిమానాయే నయమనిపించింది.

"మేమూ రావచ్చా? నీ సెట్టు మేమెవరమూ చూడనేలేదు" అంటూ నోరా మెట్టు మీద కాలు పెట్టింది.

పక్క గుమ్మం తెరుచుకుంది. ఆగ్నెస్ ఆంటీ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమిటీ, నా సెట్టు చూడాలా?"

"మీది కాదు ఆంటీ, మేవిస్‌ది" అని నోరా గట్టిగా అరిచింది.

"ఆఁ, లైసెన్సు ఉందే. గడియారం వెనక ఎక్కడో పెట్టాను. నువ్వు రా, వెతికిపెడుదువుగాని. మీరూ రండే అమ్మాయిలూ, టీ కాచాను. పార్కిన్ కేకు కూడా ఉంది."

ఆంటీ నోరా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మిగతావాళ్ళూ బ్రష్షులు పడేసి వెనకే నడిచారు. ఊరికే వచ్చే కేకును వదులుకునే వీధి కాదది.

మేవిస్ తలుపు వేసి పెద్దమనిషికి గది చూపించింది. టీవీ ఉండాల్సిన మూల కుట్టుమిషను, దాని మీద పూలకుండీ. ఆయన గోడ దగ్గర కుర్చీ చూశాడు, గ్లాసు చూశాడు, గోడవతల హోరు విన్నాడు. మీసాల్లో నవ్వు దాచుకున్నాడు.

"బయటికెళ్ళి ఏం చెబుతారు?" అంది మేవిస్. ఆమెకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"నిజమే చెబుతానమ్మా."

బయట నోరా కేకుముక్క నములుతూ కాచుకునే ఉంది. ఆయన టోపీ సర్దుకుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఈ ఇంట్లో చట్టానికి విరుద్ధంగా ఏమీ లేదు."

వ్యాను కదిలింది. నోరా మొహం మాడిపోయింది.

"ఏమంటాడు?" అంది ఆగ్నెస్ ఆంటీ.

"అంతా సవ్యంగానే ఉందట ఆంటీ" అని మేవిస్ గొంతు చించుకుంది.

"అవునవును, వాన పడేట్టే ఉంది" అంది ఆంటీ ఆకాశంలోకి చూస్తూ.

ఆ సాయంత్రం విల్ఫ్ భోంచేసి పొయ్యి దగ్గర కునుకు తీస్తున్నాడు. గోడవతల ఇంద్రజాలికుడు పావురాన్ని గిన్నెలో పెట్టి మూత పెట్టాడు, మూత తీస్తే గిన్నెనిండా రుమాళ్ళు. అంతా ఆంటీ పూసగుచ్చినట్టు చెప్పింది. మేవిస్ గ్లాసు పట్టుకుని హాయిగా నవ్వుకుంది. పొద్దుటినుంచీ ఆమె మనసు ఇంత తేలికపడలేదు.

తర్వాత విరామం వచ్చింది. టీవీ మూగబోయింది. గోడకు అంటించిన పూలకాగితం దుమ్ము ముక్కులో దూరి మేవిస్‌కు తుమ్ము వచ్చింది. కొంగేదీ లేని గౌను కదా, అరచెయ్యి అడ్డం పెట్టుకుని పిల్లి తుమ్మినట్టు తుమ్మింది.

"నిండు నూరేళ్ళు మేవిస్" అంది గోడవతల నుంచి ఆగ్నెస్ ఆంటీ, "సౌండు నీకు సరిపోతోందా తల్లీ, ఇంకాస్త పెంచనా?"