ఎవరికీ తెలియని వర్నన్

ముక్కు అతికించడానికే గంటన్నర పట్టింది. దాని కింద మీసం, తలకు నెరిసిన విగ్గు, పొట్టకు చిన్న దిండు. అద్దంలో చూసుకుంటే హాలీవుడ్ హీరో గారెట్ హోల్కమ్ మాయమయ్యాడు. టొలీడో నుంచి వచ్చిన రిటైర్డ్ ప్లంబరు వర్నన్ మిగిలాడు.

ఈ తిప్పలన్నీ పేకాట కోసం.

గారెట్‌కు పోకరంటే ప్రాణం. ముప్ఫై ఏళ్లుగా ప్రతి గురువారం కొండ మీద ఆయన ఇంట్లో ఆట సాగుతోంది. వచ్చేవాళ్లందరూ పేరున్నవాళ్లే. ఇద్దరు దర్శకులు, ఒక పాప్ గాయని, బాస్కెట్‌బాల్ మానేసిన ఒక ఏడడుగుల మనిషి. ఆయన వాళ్ల చేతిలో ఓడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తనంత ఆటగాడు లాస్ ఏంజెలస్‌లోనే లేడనుకున్నాడు పాపం.

ఆర్నెల్ల కిందట ఒక దర్శకుడు, మీ ముందు నేనెంత సార్ అంటూ ముక్కలు బోర్లా పడేసి బాత్రూముకు వెళ్లాడు. గారెట్ ఊరికే తిప్పి చూశాడు. రెండు ఆసులు. బల్ల మీద అప్పటికే మూడో ఆసు ఉంది. తన చేతిలో ఉన్నవి రెండు నాలుగులు. ఆ దర్శకుడి కొత్త సినిమాకు హీరో ఇంకా ఖరారు కాలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు అన్నపానాలు సహించలేదు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి. తన జోకులకు జనం నిజంగా నవ్వుతున్నారో లేదో ఎలాగూ తేలదు. పేకాటయినా తేలాలి. తానెవరో తెలియని మనిషి మీద ఒక్క ఆట, ఒకే ఒక్క ఆట గెలవాలి. ఈ జన్మకు అది చాలు.

మేనేజర్ ఐలీన్ ససేమిరా అంది. ఆయన తినే ఉప్పు దగ్గర నుంచి ఎక్కే విమానం దాకా ఇరవై ఆరేళ్లుగా అన్నీ ఆవిడే చూసుకుంటోంది. జనం గుర్తుపడితే మీద పడతారంది. ఇన్సూరెన్సు వాళ్లు తన ప్రాణం తీస్తారంది. గారెట్ మూడు రోజులు షూటింగ్ ఎగ్గొట్టి మంచం దిగలేదు. నాలుగో రోజు ఆవిడే గార్డీనాలో ఒక చిన్న పేకాట క్లబ్బు వెతికిపెట్టింది. టైర్ల షాపు వెనక, మంగళవారం మధ్యాహ్నాలు. అక్కడి వాళ్లు సినిమాలు చూసే రకం కాదని భరోసా ఇచ్చింది.

ఇది పదకొండో మంగళవారం.

ఆ బల్ల దగ్గర ముగ్గురుంటారు. స్కూలు బస్సు నడిపే డెల్ఫీన్, టైర్లు మార్చే హెక్టర్, మొక్కల నర్సరీ ఒగావా. ఎప్పుడూ అవే కుర్చీలు, అవే చొక్కాలు. ఒంటిగంట కొట్టగానే ముగ్గురూ ఒక్కసారే లేచి తిండికి పోతారు. కష్టపడేవాళ్ల క్రమశిక్షణే వేరని గారెట్ ముచ్చటపడేవాడు. నటించేవాణ్ని కాఫీ కప్పు పట్టుకునే తీరులోనే పట్టేస్తానని ఆయన ధీమా. ఇక్కడ నటన మచ్చుకైనా లేదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

పది వారాలూ చిత్తుగా ఓడాడు. మూడో వారం డెల్ఫీన్ ఆయన పందెం బిళ్లలన్నీ లాక్కుంటూ, "ఏమయ్యా వర్ననూ, టొలీడోలో గొట్టాలు కూడా ఇలాగే బిగించావా? ఊరు మునగలేదూ?" అంది. ఆ మాట తలుచుకుని గారెట్ ఇల్లు చేరేదాకా కార్లో నవ్వుతూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన్ని ఒకరు వెక్కిరించడం అదే మొదలు.

కానీ గెలుపు రాదే. ఇవాళ కూడా రాకపోతే పేక ముక్క ముట్టనని పొద్దున్నే ఐలీన్‌కు చెప్పేశాడు. గురువారం ఆట కూడా బందేనన్నాడు. ఆవిడ సరేనని తలాడించి పుస్తకంలో ఏదో రాసుకుంది.

సాయంత్రం నాలుగవుతుండగా చివరి ఆట. చేతికి ఏడు, రెండు వచ్చాయి. పోకర్‌లో అంతకన్నా చెత్త చేయి లేదు. బల్ల మీద పరిచిన అయిదు ముక్కల్లో ఒక్కటీ వాటితో కలవలేదు. హెక్టర్, ఒగావా తప్పుకున్నారు. డెల్ఫీన్ మిగిలింది. ఏదయితే అదయిందని గారెట్ తన ముందున్న బిళ్లలన్నీ మధ్యలోకి తోశాడు.

డెల్ఫీన్ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. అతికించిన ముక్కు కింద చెమట పట్టింది.

"బ్లఫ్ కొడుతున్నావని అనుమానంగా ఉందయ్యా," అంది.

ఆవిడ బిళ్లల మీద చేయి వేసింది, తీసేసింది. మళ్లీ వేసింది. వేళ్లు వణుకుతున్నాయి. చివరికి ఆట వదులుకుని ముక్కలు తిప్పి విసిరేసింది. రాజుల జత.

"నీ మొహం చూస్తే ఒక్క ముక్క అర్థమై చావదు. తీసుకో, నీదే."

గారెట్ తన ఏడునూ రెండునూ తిప్పి చూపించాడు.

డెల్ఫీన్ బల్ల గుద్దింది. హెక్టర్ తల పట్టుకున్నాడు. ఎప్పుడూ నోరు విప్పని ఒగావా, ముసలాడు నిలువునా ముంచాడని గొణిగాడు. గారెట్‌కు కన్నీళ్లు ఆగలేదు. జలుబని చెప్పి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గెలిచిన బిళ్లలు కూడా తీసుకోకుండా, తూలుతున్నవాడిలా నడుచుకుంటూ వెళ్లి కారెక్కాడు. అంత సంతోషం ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎరగడు.

కారు వీధి మలుపు తిరిగాక డెల్ఫీన్ వెనక గది తలుపు తట్టి, "సీను బాగానే వచ్చిందా ఐలీన్ మేడమ్, వణుకు కాస్త ఎక్కువ చేశానా?" అని అడిగింది.