మోటారు ఆగినప్పుడల్లా

ఇస్నాపూర్‌లోని ఆ కిరాయి ఇంట్లో మెకానిక్ యాదగిరి ఫ్రిజ్‌ను గోడ దగ్గర నుంచి ముందుకు జరిపాడు.

"మోటారు ఆగినప్పుడల్లా ఎవరో తలుపు కొట్టినట్టే చప్పుడైతది అన్నా," అంది నిషిత. గొంతు తగ్గించి, "మా ఆయన కంపెనీల బాయిలర్ పేలి చనిపోయి నాలుగు నెలలైంది. ఆయనే డ్యూటీ నుంచి వచ్చిండనుకొని మా అత్తమ్మ నిద్రల లేచి తలుపు తీస్తది. ఆమె పరేషాన్ చూడలేకపోతున్న," అంది.

యాదగిరి వంగి చూశాడు. "మోటారు కింద రబ్బర్లు అరిగినయ్ చెల్లె. ఆగేటప్పుడు ఊగి రేకుకు తగుల్తున్నది."

కొత్త రబ్బర్లు వేసి వెళ్లిపోయాడు. కాసేపటికి మోటారు చప్పుడు లేకుండా ఆగింది.

"ఇగ నిమ్మలంగ పండుకో అత్తమ్మా," అంది నిషిత.

మంచం మీదున్న కౌసల్య కోడలిని దగ్గరికి పిలిచింది.

"అది ఫ్రిజ్ చప్పుడని నాకు మొదటి దినమే తెలుసు బిడ్డా. నిద్రలనే నడిచొచ్చి తలుపు తీసింది నువ్వు. నీ ఎనుక నేనొచ్చిన. తలుపు కాడ మెలకువొచ్చి నువ్వు భయపడుతుంటే, నేనే తీసిన అని చెప్పిన."

నిషిత మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"తలుపు తీసి నేనేమంటుంటి అత్తమ్మా?"

"'ఇంత లేటైందేంది? కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త' అంటుంటివి."

శవం వచ్చిన రోజు కూడా ఏడవని నిషిత, అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.