పటంలో తెల్లగుర్రం

ఉదయగిరి పాత బంగళాలో గోడంత తైలవర్ణ చిత్రం ఒకటుంది. యుద్ధంలోకి దూకుతున్న గుర్రాలూ, వాటి మీద సిపాయిలూ. ఆత్మకూరు బస్సులు ఎక్కువయ్యాక జట్కా మానుకున్న బడే సాహెబ్ ఇప్పుడక్కడ వాచ్‌మన్.

చీకటి పడ్డాక లాంతరు పెట్టుకుని పటం దుమ్ము తుడుస్తున్నాడు. ముందున్న తెల్లగుర్రం దగ్గర గుడ్డ తడిసింది. వాసన చూశాడు. గుర్రం చెమట. ముప్పయ్యేళ్లు జట్కా తోలినవాడు, ఆ వాసన దగ్గర పొరబడడు.

లాంతరు ఎత్తాడు. నిన్నటిదాకా దాని మీద కత్తి దూసిన సిపాయి ఉండేవాడు. ఇప్పుడు జీను ఖాళీ.

వరండాలోంచి భార్య జైతూన్‌బీ కేకేసింది.

"ఏమయ్యా, ఎవరో వచ్చి కుండలో నీళ్లన్నీ తాగేసినాడు. గుర్రానికి గూడా కావాలంటుండాడు."

"చెమట ఆరిందాకా పెట్టకూడదని చెప్పు," అలవాటు కొద్దీ అనేశాడు బడే సాహెబ్.

అన్నాక తెలిసింది, చేతిలో గుడ్డ ఇంకా వెచ్చగా ఉందని.