కోరింత దగ్గు

"మన పిల్లాడికి ఒక్క టీకా కూడా వేయించలేదు. కోరింత దగ్గు వచ్చినా దానంతట అదే తగ్గిపోయింది, చూశావా?" అన్నాడు ఎలీషా.

"మెల్లగా మాట్లాడండి" అంది భార్య కరుణశ్రీ.

భట్టిప్రోలులో ఎలీషా చెల్లెలు జెస్సీ ఇంటి అరుగు మీద కూర్చున్నారిద్దరూ. జెస్సీ నెల బిడ్డను పొద్దున్నే సమాధి చేసి వచ్చారు. అదే దగ్గు.

"పురిటి బిడ్డని చూడ్డానికి వచ్చినప్పుడు మనవాడు దగ్గుతూనే ఉన్నాడు. నేను వద్దంటున్నా మీరే బిడ్డను ముద్దు పెట్టుకోనిచ్చారు."

"అయితే నా కొడుకే చంపాడంటావా? వీళ్ళు మాత్రం బిడ్డకి టీకా వేయించారా?"

"అంత పసిగుడ్డుకి ఇంకా వేయరండి. చుట్టూ ఉన్న మనం జాగ్రత్తగా ఉండాలి. మనవాడికి వేయిద్దామని ఎన్నిసార్లు అడిగాను? సూది వేయిస్తే పిల్లలు మందబుద్ధులవుతారని ఫోన్లో వీడియోలు చూపించారు."

"ఇప్పుడైనా అదే అంటాను. నా బిడ్డ నాకు ముఖ్యం."

తలుపు దగ్గర అలికిడైంది. జెస్సీ నిలబడి ఉంది. తాగే బిడ్డ లేక, జాకెట్టు పాలతో తడిసిపోయింది.

ఎలీషా లేచి నిలబడ్డాడు.

"రేపే తెనాలి తీసుకెళ్ళి వాడికి టీకా వేయిస్తానమ్మా."

జెస్సీ అన్న ముఖంలోకి చూసింది. ఏడుపు లేదు, కోపం కూడా లేదు.

"ఇప్పుడు తొందరేముందన్నయ్యా" అంది. "మా ఇంట్లో అంటుకోడానికి ఇంకెవరూ లేరుగా."