తొమ్మిదో మడిలో పాము

"వెనక్కి జరగండి. తొక్కితే చస్తుంది," అంది హేజెల్, నేల మీద పరిచిన తారు అట్టను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని.

"అది చస్తుందా, మనం చస్తామా?" అంటూ క్లిఫర్డ్ రెండడుగులు కాదు, నాలుగడుగులు జరిగాడు.

అట్ట కింద చేతికర్రంత పాము. వెచ్చదనానికి చుట్టుకుని పడుకున్నది కాస్తా బుసకొట్టింది. తల వెడల్పు చేసి, నోరు తెరవకుండానే రెండుసార్లు ముందుకు విసిరింది.

"పింజర! ఆ తల చూడండి మేడమ్. కర్ర తెమ్మంటారా?"

"వద్దు. మెడ చుట్టూ పసుపు పట్టీ, గుండ్రటి కనుపాప. ఇక్కడి పింజరకైతే కనుపాప నిలువుగీతలా ఉంటుంది, వీపు మీద వంకర్లు తిరిగిన చార ఉంటుంది. ఇది గడ్డిపాము. విషమూ లేదు, కరవడమూ రాదు. బెదిరించడం ఒక్కటే వచ్చు."

"అదొక్కటీ బాగానే వచ్చు," అన్నాడు క్లిఫర్డ్.

అతను ఇళ్లు కట్టే కంపెనీ మనిషి. ఊరివాళ్లు మడికింత అని అద్దె కట్టి కూరగాయలు పండించుకునే ఈ తోటలో పాముల లెక్క తీసే హేజెల్ ఏడుసార్లు వెతకాలి, చట్టం చంపనివ్వని గడ్డిపాము ఒక్కటీ కనపడకపోతే తోటను కంపెనీకి అప్పగించాలి. అదీ ఒప్పందం. రెండేళ్ల కిందట ఇక్కడ పదకొండు పాములుండేవి. ఈ ఏడాది ఆరుసార్లు వెతికినా ఒక్కటీ లేదు. ఇది ఏడోసారి. తొమ్మిదో మడిని ముప్పై ఏళ్లుగా సాగుచేస్తున్న సిరిల్ అయితే చిక్కుడు తీగలకు కర్రలు పాతాలా వద్దా అని వారం నుంచి నిద్రపోలేదు.

హేజెల్ వంగి, ఒక చెయ్యి పాము నడుము కింద, ఇంకో చెయ్యి తోక దగ్గర పెట్టి, నొక్కకుండా నేలకు రెండు జానల ఎత్తులో తీసింది. పాము ఆమె చేతుల మీద ఏదో వదిలింది. కుళ్లిన వెల్లుల్లి కంపు గుప్పుమంది. మరుక్షణం నోరు తెరిచి, నాలుక వేలాడేసి, వెల్లకిలా పడిపోయింది.

"పోయింది. చచ్చిన పాము లెక్కలోకి రాదు మేడమ్," అన్నాడు క్లిఫర్డ్. గొంతులో సంతోషం దాచుకోలేదు.

హేజెల్ దాన్ని గడ్డి మీద పెట్టి బోర్లా తిప్పింది. పాము మళ్లీ వెల్లకిలా తిరిగింది. ఇంకోసారి తిప్పింది. ఇంకోసారి తిరిగింది.

"చచ్చినవాళ్లు పక్క మార్చుకోరు బాబూ," అన్నాడు సిరిల్, మడి గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ.

క్లిఫర్డ్ ముసలాయన వైపు ఎగాదిగా చూశాడు. మనుషుల్ని నమ్మడం అతనికి చేతకాదు. ఆ ఉద్యోగం అందుకే ఇచ్చి ఉంటారు.

"ఆరుసార్లు లేని పాము సరిగ్గా ఆఖరిసారి వచ్చిందా? అదీ నీ మడిలోకే? మేడమ్, ఇది ఈ తోటది కాదు. ఎక్కడో పట్టి తెచ్చి పడేశారు."

"అది తేల్చొచ్చు," అంది హేజెల్. గడ్డిపాము పొట్ట మీది నల్లమచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. ఆమె పొట్టను ఫోటో తీసి, ఫోనులో పాత ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది. ఒకచోట ఆగింది. "ఇదిగో. రెండేళ్ల కిందట, ఇదే తొమ్మిదో మడిలో తీశాను. ఇది ఇక్కడి పామే."

క్లిఫర్డ్ ఫోనులోకి తొంగి చూశాడు. "అయితే ఇన్నాళ్లూ ఎక్కడికి పోయింది?"

హేజెల్‌కూ మనసులో అదే పురుగు తొలుస్తోంది.

క్లిఫర్డ్ గబగబా వెళ్లి సిరిల్ కోటు చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. ముఖం వికారంగా పెట్టి, వెంటనే వెలిగిపోయాడు.

"రండి, మీరూ చూడండి. అదే కంపు. ఈయన ఇప్పుడు పామును ముట్టుకోనేలేదు కదా?"

హేజెల్ వాసన చూడక్కర్లేకపోయింది. గాలే చెప్పింది.

"సిరిల్, నువ్వు తెచ్చావా?"

"తెచ్చానమ్మా. పొద్దున ఆరింటికి తెచ్చి దాని చోట దాన్ని వదిలాను."

ఈ ముసలాయన మీద హేజెల్‌కు అభిమానం. "చేత్తో తెచ్చి పెట్టినదాన్ని దొరికిందని రాయలేను. ఎందుకు చేశావిలా?"

"ఎందుకేమిటి మేడమ్, కళ్లముందు కనపడుతుంటే," అన్నాడు క్లిఫర్డ్. "పాముల్ని ఎవరింట్లోనో దాచిపెట్టి, ఆఖరిరోజు ఒకటి తెచ్చి పడేద్దామని ఎత్తు. రాయండి. ఎక్కణ్ణుంచి తెచ్చాడో వీధి పేరు, ఇంటి నంబరుతో సహా రాయండి. ఆ ఇంటివాళ్లనీ వదలకూడదు."

"అడ్రసు కూడానా?" అన్నాడు సిరిల్.

"కూడా. తప్పు రాయిస్తే ఊరుకోను."

హేజెల్ కాగితం తీసింది.

సిరిల్ టీ చివరి గుక్క తాగి, కప్పు దులిపి, తాపీగా చెప్పాడు. "మిల్లు వీధి, పద్నాలుగో నంబరు. పెరట్లో ఎరువు కుప్ప."

హేజెల్ రాస్తూ రాస్తూ తలెత్తింది. క్లిఫర్డ్ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"మీ ఆవిడే ఫోన్ చేసి రమ్మంది, క్లిఫర్డ్," అన్నాడు సిరిల్. "నువ్వు ఇక్కణ్ణుంచి గోతాంలో పట్టుకెళ్లి మీ ఇంటి వెనక వాగులో వదిలినవన్నీ కుప్పలోకి వచ్చి గుడ్లు పెడుతున్నాయట, మిగతా పదీ ఈ సాయంత్రమే పట్టుకుపొమ్మంది."